క్షౌరపు కత్తెర చేతికి అమరాలంటే

కత్తెర కొనేటప్పుడు రింగుల్లో వేళ్లు పెట్టి, రెండు మూడుసార్లు గాలిలో ఆడించి, బాగానే ఉందనుకుని బేరం తెగ్గొట్టడం మన సెలూన్లలో పరిపాటి. రాజమహేంద్రవరంలోనైనా, అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా కొనేవాళ్లు చేసే పరీక్ష దాదాపు ఇదే. గాలిలో ఆడించినప్పుడు కత్తెరకు అడ్డేమీ ఉండదు కనుక అన్ని కత్తెరలూ హాయిగానే అనిపిస్తాయి. పొద్దుట తెరిచిన షాపులో సాయంత్రమయ్యేసరికి బొటనవేలి మొదట్లో మొదలై ముంజేతిలోకి పాకే నొప్పి ఆ పరీక్షలో తెలియదు. ఆ నొప్పి వచ్చాక చాలామంది పిడి బాగా లేదని, ఈసారి మెత్తటి రబ్బరు తొడుగున్నది కొనాలని అనుకుంటారు. పిడి మీద అనుమానం కొంతవరకే న్యాయం. పదును, స్క్రూ బిగువు, రింగులు ఉన్న చోటు, మనిషి నిలబడే తీరు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా దాని భారాన్ని చివరికి మోసేది బొటనవేలే. అందువల్ల కత్తెర రూపకల్పనను బొటనవేలి వైపు నుంచి చూసుకుంటూ రావడమే సరైన పద్ధతి అని నేను నమ్ముతాను.

చేయి వస్తువును పట్టుకునే తీరును బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞుడు జాన్ నేపియర్ 1956లో రెండు రకాలుగా విభజించాడు. కొడవలిని పట్టుకున్నట్టు అరచేతితో బిగించి పట్టడం బలానికి. సూదిని పట్టుకున్నట్టు వేళ్ల కొసలతో పట్టడం నేర్పుకు. క్షౌరపు కత్తెర ఈ రెండింటి మధ్యన ఉంటుంది. ఉంగరపు వేలు ఒక రింగులో ఉంటుంది, చిటికెన వేలు రింగు వెనక ఉన్న చిన్న కొక్కెం మీద ఆనుతుంది, చూపుడు వేలూ మధ్య వేలూ పిడి మీద వాలి ఉంటాయి. ఈ నాలుగు వేళ్లూ కలిసి ఒక బ్లేడును కదలకుండా పట్టుకుంటాయి. కదిలేది బొటనవేలి వైపు బ్లేడు ఒక్కటే. పని తెలిసిన వ్యక్తి దువ్వెన మీద జుట్టు కత్తిరిస్తున్నప్పుడు దగ్గర నుంచి చూస్తే పై బ్లేడు దువ్వెన పళ్లకు సమాంతరంగా నిలిచిపోయి ఉంటుంది. కింది బ్లేడు మాత్రమే చిన్నగా, ఎడతెగకుండా ఆడుతూ ఉంటుంది. రెండు బ్లేడులూ కదులుతున్నాయంటే ఆ చేయి ఇంకా నేర్చుకుంటున్నదన్నా అనుకోవాలి, లేదా ఆ కత్తెర ఆ చేతికి సరిపోలేదన్నా అనుకోవాలి. రోజంతా జరిగే కదలిక ఈ ఒక్క వేలిదే గనుక అది ఎంత దూరం కదలాలి, ఏ దిశలో కదలాలి, ఎంత బలంతో కదలాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన కత్తెరే అమరిన కత్తెర.

దిశ సంగతి పిడి ఆకారంతో తేలుతుంది. పాతకాలపు కత్తెరల్లో రెండు రింగులూ స్క్రూకి సమాన దూరంలో, ఎదురెదురుగా ఉంటాయి. ఇటువంటి కత్తెరను ఉంగరపు వేలితో పట్టుకున్నప్పుడు బొటనవేలు అరచేతిని దాటి ఆ వేలి కిందికి చేరాలి. మీ బొటనవేలిని ఉంగరపు వేలి మొదటి కణుపు కిందికి చేర్చి పది నిమిషాలు ఆడించి చూడండి; బొటనవేలి దిమ్మలోని కండరం ఎంతగా లాగుతుందో వెంటనే తెలుస్తుంది. తరవాత వచ్చిన రకంలో బొటనవేలి రింగును స్క్రూ వైపు ముందుకు జరిపారు. దీన్ని వృత్తిలో ఆఫ్‌సెట్ పిడి అంటారు. బొటనవేలు సహజంగా ఉండే చోటు చూపుడు, మధ్య వేళ్లకు ఎదురుగా కాబట్టి, రింగే ఆ చోటికి వచ్చేసరికి వేలు సాగవలసిన అవసరం తగ్గుతుంది. క్రేన్ పిడి అనే మూడో రకంలో ఉంగరపు వేలి వైపు కాడను ఇంకొంచెం వంచి ఉంచుతారు, దానివల్ల మోచేతిని ఎక్కువ ఎత్తకుండానే పని జరుగుతుంది. బొటనవేలి రింగు తనంతట తాను చుట్టూ తిరిగే నాలుగో రకం కూడా ఉంది. మెడ వెనక అడ్డంగా గీత తీసేటప్పుడు మోచేతిని భుజమంత ఎత్తుకు లేపకుండా బొటనవేలిని కిందికి వాల్చుకోవచ్చు. అలవాటు పడటానికి సమయం పడుతుందన్న మాట నిజమే, కానీ భుజం నొప్పి ఉన్నవారికి నేను మొదట సూచించేది ఇదే. ఇక్కడొక మినహాయింపు చెప్పాలి. ఉంగరపు వేలికి బదులు మధ్య వేలు రింగులో పెట్టి పని నేర్చుకున్న పాతతరం క్షురకులకు సమాన పిడే చక్కగా నప్పుతుంది, ఎందుకంటే మధ్య వేలికి ఎదురుగా రావడానికి బొటనవేలు అంత దూరం సాగనక్కరలేదు. అటువంటివారి చేతిలో ఆఫ్‌సెట్ కత్తెర పెట్టి ఇదే శాస్త్రీయమని బలవంతం చేయడం పొరపాటు.

రింగు దగ్గర జరిగే నష్టం బయటికి తక్కువగా కనిపిస్తుంది. బొటనవేలు రింగులోకి గోరు మొదలు వరకే, అంటే కొస మెత్తటి భాగం ఆనేంత వరకే వెళ్లాలి. ఉంగరపు వేలు మొదటి, రెండో కణుపుల మధ్య నిలవాలి. రింగు పెద్దదైతే బొటనవేలు కణుపు దాటి లోపలికి జారిపోతుంది. అలా జారిన వేలితో కత్తెరను మూసేటప్పుడు వేలి కొసకు బదులు మొత్తం చేయి బిగుసుకుంటుంది, కింది బ్లేడుతో పాటు పై బ్లేడు కూడా ఊగుతుంది. రింగు చిన్నదైతే మరో బాధ. వేలికి స్పర్శనిచ్చే నరాలు రెండు పక్కలా చర్మానికి చాలా దగ్గరగా వెళ్తాయి. ఇరుకు రింగు లోపలి అంచు వాటినే నొక్కుతూ ఉంటే మొదట తిమ్మిరి, పిమ్మట మొద్దుబారడం వస్తాయి. గోదావరి జిల్లాల్లో ఈ వృత్తి కుటుంబాల నుంచి వచ్చిన సన్నాయి, డోలు విద్వాంసులు ఎందరో ఉన్నారు. పెళ్లిళ్ల రోజుల్లో షాపు మూసి మేళానికి వెళ్లే మనిషికి ఉంగరపు వేలి కొస మొద్దుబారడం చిన్న విషయం కాదు. సన్నాయి రంధ్రాన్ని సగం మూసి సగం తెరిచి గమకం పలికించేది అటువంటి వేళ్లే. నలుగురికీ ఒకే కొలత రింగు చేసి పంపే తయారీదారు ఇంత దూరం ఆలోచించి ఉండడు.

దీనికి చవకైన ఉపాయం ఉంది. రింగు లోపల తొడిగే సన్నటి రబ్బరు వలయాలు వేరువేరు మందాల్లో దొరుకుతాయి. వాటితో పెద్ద రింగును వేలికి సరిపడేలా తగ్గించుకోవచ్చు. చిన్న రింగును పెద్దది చేయడం మాత్రం సాధ్యం కాదు. కాబట్టి తయారుచేసేవారు రింగును కాస్త పెద్దగానే చేసి, రెండు మూడు మందాల వలయాలను కత్తెరతో పాటే ఇవ్వడం న్యాయమైన పద్ధతి. ఇప్పుడు ఊరూరా బ్యూటీ పార్లర్లు నడుపుతున్న ఆడవాళ్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది. వారిలో చాలామంది మగవారి చేతికి తగిన పొడవు, రింగు ఉన్న కత్తెరలతోనే పని నేర్చుకుంటున్నారు, చేయి నొప్పి పుడితే లోపం తమ చేతిలోనే ఉందనుకుంటున్నారు. లోపం చేతిలో లేదు, పనిముట్టులో ఉంది.

ఇక పొడవు. క్షౌరపు కత్తెరలు 5 అంగుళాల నుంచి 7 అంగుళాల దాకా ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఈ కొలతను బ్లేడు మొన నుంచి రింగు చివర వరకు తీస్తారు, చిటికెన వేలి కొక్కెం లెక్కలోకి రాదు. రెండు వేళ్ల మధ్య జుట్టు పట్టుకుని కత్తిరించేవారికి 5, 5.5 అంగుళాలవి, దువ్వెన మీద కత్తిరించేవారికి 6.5, 7 అంగుళాలవి అనువుగా ఉంటాయి. కత్తెరను అరచేతిలో పెట్టి, రింగును బొటనవేలి మొదట ఉంచితే బ్లేడు మొన మధ్య వేలి చివరి కణుపును దాటిపోకూడదన్నది వృత్తిలో చెప్పుకునే ఉజ్జాయింపు లెక్క. ఈ లెక్క వేళ్ల మధ్య కత్తిరింపుకే సరిపోతుంది. మన వైపు మగవారి క్షౌరంలో ఎక్కువ భాగం దువ్వెన మీదే నడుస్తుంది కనుక దాన్ని యథాతథంగా అన్వయిస్తే మరీ పొట్టి కత్తెర చేతికొస్తుంది.

పొడవు పెరిగితే బలం సంగతి మారుతుంది. కత్తెర ఒక జత మీటలు. బొటనవేలి రింగు స్క్రూకి 7 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. స్క్రూకి 2 సెం.మీ. దూరంలో పడిన జుట్టు మీద వేలి బలం మూడున్నర రెట్లై పనిచేస్తుంది. అదే జుట్టు 7 సెం.మీ. దూరంలో, బ్లేడు మొన దగ్గర ఉంటే వేలు వేసినంత బలమే అక్కడికి అందుతుంది. పొడవాటి బ్లేడు ఒక్కసారి మూయగానే ఎక్కువ జుట్టు కత్తిరిస్తుంది కానీ మొనతో దట్టమైన జుట్టు కత్తిరిస్తే బొటనవేలి మీద పడే శ్రమ ఎంతో పెరుగుతుంది. అందువల్ల ఒకే పొడవు కత్తెరతో అన్ని పనులూ చేయించడం కన్నా, పెద్ద పనికి పొడవుది, చెవుల చుట్టూ తుది దిద్దుబాటుకు పొట్టిది ఉంచుకోవడం చేతికి మేలు.

కొనేవారు సాధారణంగా పట్టించుకోని భాగం స్క్రూ. మూసిన కత్తెరను వెలుతురుకు ఎదురుగా పెట్టి పక్క నుంచి చూస్తే రెండు బ్లేడుల మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. అవి స్క్రూ దగ్గరా మొన దగ్గరా మాత్రమే తాకుతాయి. బ్లేడులను కావాలనే అతి కొద్దిగా వంచి, లోపలి ముఖాన్ని గుల్లగా అరగదీస్తారు. కత్తెర మూసుకుంటున్నంతసేపూ రెండు అంచులూ ఒక్క బిందువు దగ్గరే కలుస్తూ, ఆ బిందువు స్క్రూ నుంచి మొన వైపు ప్రయాణిస్తుంది. స్క్రూ వదులైతే ఆ బిందువు దగ్గర అంచులు ఎడమవుతాయి, జుట్టు తెగకుండా మధ్యలో మడత పడుతుంది. 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మందం ఉండే వెంట్రుక దూరడానికి పెద్ద సందు అక్కరలేదు. అప్పుడు చేయి తెలియకుండానే బొటనవేలిని పక్కకు నెట్టి ఆ సందును పూడుస్తుంది. నొప్పికి ఇదొక ముఖ్యమైన కారణం. స్క్రూ బిగుసుకుపోతే మూయడం కన్నా తెరవడం కష్టమవుతుంది. బొటనవేలిని తెరిచే స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, మణికట్టు పక్కన ఇరుకైన ఒరలో నుంచి వెళ్తాయి. అక్కడ వాపు వచ్చే జబ్బును స్విస్ శస్త్రవైద్యుడు డి కెర్వాన్ 1895లో వర్ణించాడు, నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. బిగువును పరీక్షించడం తేలిక. ఉంగరపు వేలి రింగును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో బ్లేడును లంబకోణం వరకు తెరిచి వదలాలి. అది కొంత దూరం దిగి, పూర్తిగా మూసుకోకముందే ఆగితే సరైన బిగువు. టక్కున మూసుకుంటే వదులు, కదలకపోతే బిగుతు. రింగుల మధ్య ఉండే చిన్న రబ్బరు బొడిపె కూడా ఊరికే పెట్టింది కాదు. మూసిన ప్రతిసారీ లోహానికి లోహం తగిలి పుట్టే అదురు వేలి కీళ్లకు చేరకుండా అది ఆపుతుంది. అది ఊడిపోయిన కత్తెరతో నెలల తరబడి పనిచేసేవారున్నారు.

ఎడమచేతి వాటం ఉన్నవారి ఇబ్బంది కూడా ఈ పక్క బలం నుంచే పుడుతుంది. కుడిచేతి కత్తెరను కుడిచేత్తో మూస్తే బొటనవేలు బయటికి నెడుతుంది, తక్కిన వేళ్లు లోపలికి లాగుతాయి, ఆ రెండు బలాలూ అంచులను ఒకదానికొకటి ఒత్తుతాయి. అదే కత్తెర ఎడమచేతిలోకి వస్తే అవే బలాలు అంచులను విడదీస్తాయి. పిడి ఆకారం ఎంత బాగున్నా, బ్లేడుల అమరికే తలకిందులుగా ఉండే అసలైన ఎడమచేతి కత్తెర లేకపోతే ఆ మనిషి బొటనవేలిని వెనక్కి వంచి రోజంతా పోరాడవలసిందే. ఎడమచేతి వాటం పిల్లవాడికి పని నేర్పేటప్పుడు చేయి మార్చుకోమని గద్దించే బదులు కత్తెర మార్చి ఇవ్వాలి.

పదును గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే డెల్టా వాతావరణం నేరుగా దెబ్బతీసేది దీన్నే. ఉక్కు వెంట్రుక కన్నా సుమారు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుకలు గీస్తూ పోతే బ్లేడు అంచు నుంచి సూక్ష్మమైన పెచ్చులు లేస్తాయని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో గడ్డం గీసే బ్లేడుల మీద చూపించారు. వెంట్రుక వంగి, అంచులో నిర్మాణం సమంగా లేని చోట తగిలినప్పుడు ఆ చోట చిట్లుతుంది. ఉక్కు లోపలి నిర్మాణం ఎంత సమంగా ఉంటే అంచు అంతకాలం నిలుస్తుందన్న పాఠం కత్తెరకూ వర్తిస్తుంది. పేరున్న క్షౌరపు కత్తెరల్లో వాడే 440సి రకం ఉక్కులో 16 నుంచి 18 శాతం క్రోమియం, 1 శాతం చుట్టుపక్కల కార్బన్ ఉంటాయి. కార్బన్ గట్టిదనాన్ని, క్రోమియం తుప్పు నుంచి రక్షణను ఇస్తాయి. క్రోమియం ఉపరితలం మీద కట్టే పలచటి పొరను ఉప్పులోని క్లోరైడు మాత్రం తొలుస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి సరేసరి. కోనసీమ తీరగ్రామాల్లో బోరునీరే ఉప్పగా ఉన్న చోట్లు ఉన్నాయి. ఆ నీటినే స్ప్రే సీసాలో నింపి జుట్టు తడిపి, కత్తిరించిన కత్తెరను తుడవకుండా సొరుగులో పడేస్తే స్టెయిన్‌లెస్ స్టీలు కూడా చుక్కలు చుక్కలుగా గుంటలు పడుతుంది. చెమటలోని ఉప్పు పిడి వైపు నుంచి అదే పని చేస్తుంది. మంచినీటితో జుట్టు తడపడం, ప్రతి క్షౌరం తరవాత పొడిగుడ్డతో తుడవడం, రాత్రి షాపు కట్టేసేముందు స్క్రూలో ఒక చుక్క నూనె వేయడం చేతి నొప్పిని తగ్గించే పనులేనని చెబితే వింతగా అనిపించవచ్చు. గుంటపడిన అంచు దగ్గర జుట్టు ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ బొటనవేలు అదనపు బలం వేస్తుంది.

సాన పట్టించడంలో జరిగే నష్టం ఇంకా ఎక్కువ. సైకిలు మీద చక్రం పెట్టుకుని వీధుల్లో తిరిగే సానపట్టేవారు కొడవళ్లకూ వంటింటి కత్తులకూ ఎంతో ఉపకారం చేస్తారు. కానీ ఆ వేగంగా తిరిగే గరుకు రాయి మీద క్షౌరపు కత్తెరను పెడితే అంచు వేడెక్కి గట్టిదనం పోతుంది, బయటివైపు ఉబ్బెత్తుగా తీర్చిన అంచు బల్లపరుపుగా మారుతుంది, లోపలి గుల్లతనం చెడిపోతుంది. ఒక్కసారి అలా పోయిన కత్తెర జుట్టును కోయడం మాని తోయడం మొదలుపెడుతుంది. ఎంత ఖరీదైన పిడి అయినా అప్పుడు చేతిని కాపాడలేదు. ఉబ్బెత్తు అంచును నీటితో తడిపి వాడే సానరాయి మీద నెమ్మదిగా పదును పెట్టేవారు దగ్గర్లో లేని ఊరిలో, చక్కటి అంచు ఉన్న విదేశీ కత్తెర కన్నా ఏటవాలు అంచు ఉన్న మామూలు కత్తెరే ఆచరణలో మెరుగు. దాని కోత అంత నున్నగా ఉండకపోవచ్చు, కానీ తిరిగి పదును పెట్టుకునే వీలుంటుంది.

మనిషి నిలబడే తీరును కత్తెర నుంచి విడదీయలేం. మణికట్టు లోపల ఒక ఇరుకైన మార్గంలో తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు ఒక ముఖ్యమైన నరం వెళ్తాయి. మణికట్టు వంచిన కొద్దీ ఆ మార్గంలో ఒత్తిడి పెరుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగభాగం తిమ్మిరెక్కే జబ్బు అక్కడి నుంచే వస్తుంది. కత్తిరించే తల మోచేతి ఎత్తుకు కాస్త పైన ఉంటే మణికట్టు తిన్నగా నిలుస్తుంది. చిన్నపిల్లలు వచ్చినప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి కూర్చోబెట్టే మన పాత పద్ధతిలో ఉన్న వివేకం ఇదే. ఎత్తు మార్చుకునే కుర్చీ ఉన్నా, పొడుగాటి మనిషి కూర్చున్నప్పుడు దాన్ని కిందికి దించే ఓపిక రద్దీలో ఉండదు. సంక్రాంతి ముందు వారం గోదావరి జిల్లాల సెలూన్లు చూడాలి. పట్నాల నుంచి వచ్చినవాళ్లు, అప్పుడే అయ్యప్ప దీక్ష విరమించి జుట్టు తీయించుకునేవాళ్లు, పండగ కోసం తయారయ్యే పిల్లలు అందరూ ఒక్కసారే వస్తారు. భోగి ముందు రాత్రి పొద్దుపోయేదాకా కత్తెర ఆడుతూనే ఉంటుంది. కత్తెరలోని చిన్న లోపాలు మామూలు రోజుల్లో చేతికి తట్టుకోదగినవే. ఈ వారంలో అవి జబ్బుగా మారతాయి. మంగళవారం సెలవు ఒక్కటీ ఆ అలసటను తీర్చలేదు.

ఇన్ని విషయాలు కలిసిన పనిముట్టును ఎవరి చేతిని చూసి చేస్తున్నారన్న ప్రశ్న మిగిలే ఉంది. జపాన్‌లోని సెకి, జర్మనీలోని సోలింగెన్ ఈ పనిలో పేరు మోసిన పట్టణాలు. మన దేశంలో మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాహనాల పాత ఉక్కును కత్తెరలుగా మార్చే నేర్పు ఆ ఊరిది. భారతీయుల శరీర కొలతలను అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ప్రచురించింది కాబట్టి, మన చేతులకు తగిన కొలతలు తీసుకోవడానికి ఆధారం లేదనే సాకు చెల్లదు. సగటు చేతికి చేస్తే సరిపోతుందన్న ఆలోచనే ఇందులో తప్పు. సగటు పొడవు, సగటు వెడల్పు, సగటు వేలి మందం మూడూ ఒకే చేతిలో కుదరడం అరుదు. చిన్న చేయి చాచగలిగినంత దూరంలో బొటనవేలి రింగు ఉండాలి, పెద్ద చేయి దూరగలిగినంత రింగు ఉండాలి, మధ్యనున్న తేడాను వలయాలతోనూ విప్పి బిగించుకునే కొక్కెంతోనూ సర్దుకోనివ్వాలి.

కొనేవారు చేయగలిగింది కూడా ఉంది. కాగితం మీద అరచేయి పెట్టి చుట్టూ గీత గీసుకుని, బొటనవేలి గోరు మొదట్లో మందాన్ని, ఉంగరపు వేలి రెండు కణుపుల మధ్య మందాన్ని దారంతో కొలిచి రాసుకుంటే, దూరం నుంచి తెప్పించుకున్నా పొడవూ రింగూ చాలావరకు సరిపోతాయి. దుకాణంలో కొంటే తడిపిన టిష్యూ కాగితం ఒకటి వెంట తీసుకెళ్లాలి. దాన్ని బ్లేడు మొత్తం పొడవునా, ముఖ్యంగా మొనతో కత్తిరించి చూడాలి. ఎక్కడైనా చిరిగినా, మడతపడినా ఆ చోట అంచులు కలవడం లేదని అర్థం. ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ కళ్లు కాగితం మీద కాకుండా బొటనవేలి మీద ఉంచి, అది పక్కకు నెడుతోందా, కణుపు దాకా రింగులోకి జారుతోందా అని గమనించాలి.